బోధన్‌కు మోసుకెళ్లిన రాళ్లు

మా ముత్తాత కిషన్‌రావు దేశ్‌ముఖ్‌కు రెంజల్ వైపు పదకొండు ఊళ్ల మీద పెత్తనం ఉండేది. ఆయన గుర్రం కనపడగానే జనం చెప్పులు చేత పట్టుకొని పక్కకు నిలబడేవారని మా ఇంట్లో చెప్పుకునేవారు. నిలబడినవాళ్ల ఇళ్లలో ఆ సంగతి ఎలా చెప్పుకునేవారో ఈ ప్రయాణంలో కొంత తెలిసింది. ఆయన కొడుకు నర్సింగ్‌రావు మా తాత. తాత నాటికి ఊళ్లు పోయినా కోట లాంటి మా గడి మిగిలింది, గడిలో తీర్పులు చెప్పే కచేరీ గది మిగిలింది, ఆ గదిలో ఆయన కూర్చునే కుర్చీ మిగిలింది. మా నాన్నకు కుర్చీ మిగిలింది. నా దగ్గర దాని ఫొటో ఉంది.

నేను హనుమకొండలో సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మా పేరున ఉన్నది సొంత ఊరి పక్కన ఒక గుట్ట, మూడెకరాల పన్నెండు గుంటలు. గడ్డి కూడా మనసు పెట్టి మొలవని చోటు. దాని నడుమ పెద్ద గొయ్యి ఉంది. ఊళ్లో దాన్ని దొర బొంద అంటారు. తవ్వించింది మా తాత.

తన తల్లి పోయాక తాత ఆమె చందనపు పెట్టె తెరిచాడట. అన్నిటికన్నా అడుగున, ఎర్రగుడ్డలో చుట్టి, ఒక నల్లరాయి ఉంది. అరచేయి వెడల్పు. ఒక వైపు బొటనవేలు ఆనేంత గుంట, ఆ గుంటలో సన్నని పసుపు మెరుపు. నిజామాబాద్‌లో కంసాలి పరీక్షించి, ఇది బంగారమే దొరా అన్నాడు. దొర తల్లి ఒక రాయిని పెట్టె అడుగున దాచిందంటే ఊరికే దాచదు కదా. గుట్టలో బంగారం ఉందని మా పెద్దలకు తెలుసని, బయటికి పొక్కకుండా ఉంచారని తాత నిశ్చయించుకున్నాడు. ఏడేళ్లు తవ్వించాడు. మాగాణి పోయింది, ఎడ్లు పోయాయి, తుపాకి పోయింది, తల్లి వేలికుండే పాముపడగ ఉంగరం కూడా పోయింది. బంగారం రాలేదు. పిచ్చిదొర అన్న పేరు వచ్చింది.

ఈ మాఘంలో బోధన్ నుంచి ఒక కంకర మిల్లు ఆయన గుట్ట కొంటానని వచ్చాడు. గుట్టలో సగం మా చెల్లెలు సులోచనది. అమ్మేద్దామంది. నేను ఒప్పుకోలేదు. గుట్టను కంకర చేస్తే తాత పిచ్చివాడని నేనే సంతకం పెట్టి ఇచ్చినట్టు. బంగారం గనక ఉంటే, ఒక్క చుక్క ఉన్నా, ఆయన పిచ్చివాడు కాదు. సులోచన ఒకటే మాట చెప్పింది: శుక్రవారం దాకా ఆగుతాను, ఆ లోగా చూపించుకొని రా.

బోధన్ దగ్గర ఒక క్యాంపులో సుభద్రమ్మ అనే ఆవిడ ఉన్నారని, కర్ణాటకలో ఒక బంగారు గనిలో ముప్పై ఏళ్లు ఖనిజాలను సూక్ష్మదర్శినిలో చూసిన మనిషని, నాతో పనిచేసిన లెక్కల మాస్టారు చెప్పాడు. గుట్ట మీద ఏరిన అయిదు తెల్లరాళ్లు బిస్కెట్ల డబ్బాలో వేసుకొని, తాత రాయిని అదే ఎర్రగుడ్డలో పైన పెట్టుకొని, మంగళవారం బయల్దేరాను.

బస్సులో పసుపు

కరీంనగర్‌లో మారిన బస్సులో చోటు దొరకలేదు. నేను బస్సులో నిలబడాల్సివస్తే నిటారుగా నిలబడతాను, కడ్డీ పట్టుకోను. వేలాడటం మా ఇంటా వంటా లేదు. మెట్‌పల్లి దాకా ఈ పద్ధతి బాగానే సాగింది.

కమ్మర్‌పల్లిలో ఏర్గట్ల రైతు ఒకాయన పసుపు బస్తాతో ఎక్కాడు. మార్కెట్ యార్డుకు ముందుగా మచ్చు తీసుకెళ్తున్నాడు. బస్తా నా కాళ్ల దగ్గర పెట్టి, పైన ఉన్న కడ్డీ చూపించి, పట్టుకో సారూ అన్నాడు. పరవాలేదన్నాను. గేదె అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు. నేను, నా సంచి, నా చేతికర్ర వరుసగా వెళ్లి పసుపు బస్తా మీద పడ్డాం. బస్తా మూతి కుట్టలేదు.

ఆయన ముందు నా సంచి లేపాడు, తర్వాత నన్ను.

"ఏం పెట్టినవ్ సారూ గిండ్ల? గింత బరువున్నది."

రాళ్లు అన్నాను.

"నిజామాబాదుకు రాళ్లు మోసుకవోతున్నవా? ఆడ లెవ్వా?"

బస్సంతా నవ్వింది. నేను మర్యాద తప్పకుండా, ఇవి పరీక్షకు వెళ్తున్నాయని, లోపల ఏముందో తెలియాలని చెప్పాను. ఆ మాట ఆయనకు నచ్చింది. బస్తాలోంచి వేలెడు కొమ్ము తీసి, పటుక్కున విరిచి నా ముఖం ముందు పెట్టాడు. లోపల కాషాయానికి దగ్గరగా, మెరుస్తోంది.

"పైన జూస్తే ఏం దెలుస్తది సారూ. పైన అన్ని మట్టి రంగే. ఇరిస్తే దెలుస్తది."

తర్వాత రెండు రోజులు ఈ మాట నన్ను వదల్లేదు. అప్పుడు మాత్రం నా తెల్ల లాల్చీ పసుపుబట్టలా అయిందన్న దిగులే ఉంది. దిగేటప్పుడు ఆయన రెండు కొమ్ములు నా జేబులో వేశాడు. నన్ను పెళ్లికొడుకును చేసి పంపిస్తున్నట్టుందని కండక్టరు అన్నాడు.

నిజామాబాద్

యార్డులో కాసేపు ఆగకుండా ఊళ్లోకి వెళ్లొద్దు. నేల మీద కుప్పలు, కుప్పల మధ్య నడిచే వ్యాపారులు. ప్రతివాడి చేతిలో ఒక కొమ్ము విరుగుతూనే ఉంటుంది. అక్కడివాళ్లు తుమ్మరు. నేను పదకొండుసార్లు తుమ్మాను, ముత్తాత ఊళ్లకు ఒకటి చొప్పున.

తాత రాయిని చూసిన కంసాలి సందు వెతుక్కుంటూ వెళ్లాను. అక్కడిప్పుడు ఫోన్లకు కవర్లు అమ్ముతున్నారు. ఒక దుకాణం ముసలాయన మాత్రం, కంసాలులు ఉండేవారని, తన పెళ్లి ఉంగరం అక్కడే చేయించామని చెప్పాడు. దానితో పాటు అడగకుండానే చాయ్ తెప్పించాడు. హనుమకొండలో మేం అయిదు నిమిషాలు కూర్చున్నాక చాయ్ మాట ఎత్తుతాం, ఇక్కడ చాయ్ వచ్చాకే కూర్చోమంటారు. ఈ విషయంలో నిజామాబాద్‌దే పైచేయి. రాత్రి భోజనం జొన్నరొట్టె, పచ్చిపులుసు, పప్పు, తొంభై రూపాయలు. మూడో రొట్టె ఊరికే వేశారు. ఊరికే వేసింది తినడం నాకు కష్టం. కష్టపడి తిన్నాను.

క్యాంపులో కాఫీ

బోధన్ దారిలో చెరకు బళ్లు ఇప్పుడూ ఉన్నాయి కాని, ఊళ్లోని పాత చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం ఊరికే నిలబడి ఉంది. చెరకు దాని ముందు నుంచే ట్రాక్టర్ల మీద వేరే ఊళ్లకు వెళ్తోంది. ఎవరూ అటు తల తిప్పరు. గడి ముందు నుంచి వెళ్లేటప్పుడు నేనూ తిప్పను. సంతలో సగం బేరాలు మరాఠీలో నడుస్తున్నాయి. చెరకు రసం బండివాడు నన్ను మరాఠీలోనే పిలిచి, తెలుగులో ఇరవై రూపాయలు తీసుకున్నాడు.

ఆంధ్ర నుంచి కాలువ భూములకు వచ్చి స్థిరపడినవాళ్ల ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. గుడారం ఒక్కటీ ఉండదు. మేడలు, గడ్డివాములు, ఇంటింటి ముందు కనకాంబరాలు ఉంటాయి. సుభద్రమ్మ గారు ఇలాంటి క్యాంపులోనే పుట్టి, గనికి వెళ్లి, రిటైరయ్యాక తమ్ముడి ఇంట్లో పక్క వాటా కట్టుకున్నారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. నేత చీర, ఎడమ చేతికి మగవాళ్ల గడియారం.

కూర్చోబెట్టి, కాఫీ తాగుతారా అని అడిగారు. మా వైపు అలా అడిగితే, వద్దనమని అర్థం. వద్దన్నాను. ఆవిడ నిజంగానే తేలేదు. అరగంట తర్వాత లోపల ఎవరికోసమో కలుపుతున్న కాఫీ వాసన వచ్చినప్పుడు రెండు ప్రాంతాల మర్యాదల గురించి చాలా లోతుగా ఆలోచించాను.

సూక్ష్మదర్శిని విత్తనాల బస్తాల పక్క గదిలో, చిలకలు కుట్టిన దిండు గలేబు కింద ఉంది. గని వాళ్లు కొత్తవి కొన్నప్పుడు పాతది ఆవిడ కొనుక్కున్నారట. బళ్లో ఉల్లిపొర చూపించే రకం కాదు. అందులో వెలుతురు కింద నుంచి వస్తుంది. రాతిలోంచి వెలుతురు పోదు కాబట్టి ఇందులో పై నుంచి పడుతుంది, పడి తిరిగి కంటికి వస్తుంది. అందుకే రాయిని కోసి, అద్దంలా నునుపు చేయాలి. ముందు ఆవిడ గని నుంచి తెచ్చుకున్న నమూనా పెట్టి చూడమన్నారు.

బూడిదరంగు మైదానంలో చిన్న పసుపు మచ్చ. ఒంటిమీద వెలుగు వేసుకొని కూర్చున్నట్టుంది. ఆవిడ నమూనా కింది పళ్లెం తిప్పారు. చుట్టూ ఉన్నవి కొన్ని నల్లబడ్డాయి, కొన్ని తేటపడ్డాయి. అది మాత్రం ఎటు తిప్పినా అలాగే ఉంది.

"అదండీ బంగారం. దానికి తోటి ఖనిజాలతో పనుండదు. ఎటు తిప్పినా మొహం మార్చదు."

మా తాత కుర్చీలో కూర్చునే తీరు ఇదేనని నాకు అనిపించింది.

మొదటి చుక్క, రెండో చుక్క

గుట్ట రాళ్లలో ఒకదాన్ని ఆవిడ అలాగే, కోయకముందు, పళ్లెం మీద పెట్టారు. ఒక నిమిషం కదలకుండా చూశారు. నన్ను పిలిచారు. చూస్తే పసుపే పసుపు, ఎక్కడపడితే అక్కడ. నా గుండె గుర్రమెక్కింది.

"రావు గారూ, బంగారం ఉండాల్సినదానికన్నా ఎక్కువుందండీ. ఒక్క నిమిషం." సూది మొనతో ఒక చుక్కను అందుకొని వాసన చూశారు. తర్వాత నన్ను, నా లాల్చీని పైనుంచి కిందికి చూశారు. "యార్డు నుంచి వచ్చారా?"

పసుపు. బిస్కెట్ల డబ్బా మూత ఎప్పుడో ఊడింది. ఆవిడ అయిదు రాళ్లనూ, ఎర్రగుడ్డనూ, చివరికి నా సంచినీ సబ్బు పెట్టి కడిగించారు. కడిగింది నేనే. కాలువ పక్క రేవులో, దేశ్‌ముఖ్‌ల ముని మనవణ్ణి, గుడ్డ ఉతుకుతుంటే ఇద్దరు ఆడవాళ్లు చూసి, పిండటం అలా కాదని నేర్పారు.

మధ్యాహ్నం దాకా కోత, జిగురు, రాపిడి. రాతి ముక్కలను చిన్న మూతల్లో పెట్టి జిగురు పోసి, గట్టిపడ్డాక గాజు పలక మీద గరుకు పొడి వేసి అరగదీస్తారు. తర్వాత సన్న పొడి, ఆ తర్వాత గుడ్డ. నేను ఒకటి అరగదీశాను. రాయి కన్నా నా వేలు ఎక్కువ నునుపైంది. ఈలోగా గోంగూర పచ్చడి, ముద్దపప్పు, పెరుగుతో భోజనం పెట్టారు. తింటారా అని అడిగినప్పుడు ఈసారి నేను వెంటనే తింటానన్నాను.

రెండో చుక్క నిజంగా రాతిలోనిదే. లేత పసుపు, మూలలు చెక్కినట్టు. ఆవిడ సూదితో నొక్కారు. అది వంగలేదు, పొడిపొడిగా చిట్లింది. ఇనుము, గంధకం కలిసిన ఖనిజమట. ప్రపంచంలో చాలామంది తాతలను మోసం చేసిందట. అయిదు రాళ్లలోనూ అదే.

ఇక తాత రాయి. కోస్తానన్నారు. కుదరదన్నాను. మా తాత చేతి రాయి మీద రంపం పెట్టనివ్వను. ఆవిడ వాదించలేదు. ఉన్నదున్నట్టే, గుంట ఉన్న వైపు పైకి పెట్టి చూశారు. చాలాసేపు చూశారు. సూదితో నొక్కారు. మళ్లీ నొక్కారు. లేచి నాకు చోటిచ్చారు.

పసుపు గీత. సూది నొక్కిన చోట చిట్లలేదు. మైనంలా గుంట పడింది. పళ్లెం తిప్పాను. మొహం మార్చలేదు.

"బంగారమేనండీ," అన్నారు సుభద్రమ్మ గారు. ఆ మాట అనేటప్పుడు ఆవిడ నుదురు ముడిపడే ఉంది. నేను దాన్ని అసూయ అనుకున్నాను.

ఒక సాయంత్రం దొరతనం

బోధన్ లాడ్జికి తిరిగొచ్చి సులోచనకు ఫోన్ చేశాను. సంతకాల మాట మరిచిపొమ్మన్నాను. తాత పిచ్చివాడు కాదన్నాను. ఆమె "సరే అన్నా. పొద్దున లేచినంక గూడ బంగారమే అయితే మళ్లీ చెయ్" అంది.

కిలో జిలేబీ కొని లాడ్జి మేనేజరుకు, చాయ్ హోటల్ ఆయనకు, రిక్షా స్టాండులో అందరికీ పంచాను. ఎందుకని అడిగితే చెప్పాను. ఇంకాస్త మంచి గది ఉందా అని కూడా అడిగాను. ఉంది. ఫ్యాను తిరిగే గది.

పొద్దున తలుపు తీసేసరికి వరండాలో ఏడుగురు కూర్చొని ఉన్నారు, అందరి చేతుల్లో రాళ్లు. ఒకాయన బావి తవ్వితే వచ్చిన రాయి తెచ్చాడు. మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒకాయన మరాఠీలో చాలా చెప్పి పలక ముక్క నా ఒళ్లో పెట్టాడు. ఒకాయన చిన్న సీసా ఇచ్చాడు. లోపల గోధుమరంగు గింజ ఉంది. ఎక్కడ దొరికిందని అడిగాను.

"మా బాపు కిడ్నీల సారూ. డాక్టరు తీసిచ్చిండు. మెరుస్తున్నది, జెర సూడున్రి."

అందరి రాళ్లనూ చేత్తో పట్టుకొని, వెలుతురుకు ఎత్తి, ముఖం గంభీరంగా పెట్టి తిరిగిచ్చాను. కచేరీలో కూర్చోవడం ఇంత సులువని తాత ఎప్పుడూ చెప్పలేదు.

ఒక మూల కోత

సుభద్రమ్మ గారు ఈసారి అడగకుండానే కాఫీ పెట్టారు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

నిన్నటి నుంచి ఆ గీతలు తనను పట్టుకున్నాయన్నారు. బంగారం రాతిలో పుడితే పగుళ్లలో, గింజల సందుల్లో, అటూ ఇటూ చిక్కుకొని ఉంటుంది. ఇది పైపైనే ఉంది, ఒక్క ముఖం మీదే ఉంది, గుంటలోనే ఉంది. పైగా గీతలన్నీ ఒకే వంపులో తిరిగి ఉన్నాయి. రంగు కూడా ఆవిడకు నచ్చలేదు. గని బంగారానికి వెండి తోడుంటుంది, కొంచెం పాలిపోయి ఉంటుంది. దీనికి ఎర్రదనం ఎక్కువ. రాగి కలిసినట్టుందని ఆవిడ లెక్క. రాగి కలిపేది కంసాలి.

"ఒక్క మూల కోయనివ్వండి రావు గారూ. గుంట జోలికి పోను. గోరంత."

నేను జేబులో చెయ్యి పెట్టుకున్నాను. ఏర్గట్లాయన వేసిన కొమ్ములు తగిలాయి. కోయమన్నాను.

లోపల నల్లగా, సన్నగా, ఒక్కతీరుగా ఉంది. పసుపు లేదు, మెరుపు లేదు. గుట్ట రాళ్ల జాతి కూడా కాదట. గుట్టది తెల్లరాయి. ఇది ఎక్కడినుంచో తెచ్చుకున్న నల్లరాయి. నేను చేతికర్ర పట్టుకొని నిటారుగా కూర్చున్నాను. వెన్ను వంచితే ఏదో అయిపోతుందనిపించింది.

ఆవిడ రాయిని చేతిలోకి తీసుకొని గుంటలో బొటనవేలు పెట్టి చూశారు. వేలు అందులో సరిగ్గా కూర్చుంది.

"ఇందులో ఎవరిదో చెయ్యి ఉందండీ. చాలా ఏళ్ల చెయ్యి. ఇది మీ ఇంట్లో ఏ ఆడమనిషికైనా చూపించారా?"

లేదన్నాను. రాయి కచేరీ గదిలో ఇనుప బీరువాలో ఉండేది. ఆడవాళ్లు కచేరీ వైపు రారు.

"అయితే మీ ఊరెళ్లి అడగండి. మగాళ్లని కాదు."

పరీక్షకు ఎంతివ్వాలని అడిగాను. ఏమీ వద్దన్నారు. నేను ఊరుకోను కదా. చివరికి నా జేబులో పసుపు కొమ్ములు రెండూ తీసుకున్నారు.

లస్మవ్వ అరుగు

ఊళ్లో మా గడి పునాదులు ఉన్నాయి. వాటి మీద ఎవరో వడ్లు ఆరబోశారు. లస్మవ్వ ఇల్లు అక్కడికి నాలుగడుగులు. గడిలో పురుళ్లు పోసిన మంత్రసాని కూతురు ఆమె. తల్లి వెంట పదిహేనేళ్లు ఆ గదుల్లో పనిచేసింది. భర్త గుట్ట తవ్విన కూలీల్లో ఒకడు. ఇప్పుడామెకు తొంభైకి దగ్గర. అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది.

నర్సింగ్‌రావు మనవణ్ణని చెప్పాను. తల పైకెత్తి చూసింది.

"నువ్వా? గింత ముసలోనివైనవేంది?"

కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. మా వంశంలో ఆ అరుగు మీద కూర్చున్న మొదటివాణ్ణి నేనేనేమో. ఎర్రగుడ్డ విప్పి రాయి ఆమె చేతిలో పెట్టాను. చింతపండు చెయ్యి చీరకు తుడుచుకొని, బొటనవేలు గుంటలో పెట్టి, గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. ఆ తిప్పడం నేను చూశాను. నిన్న సూక్ష్మదర్శినిలో, గీతల రూపంలో.

"గిది నీకాడికెట్లొచ్చింది? బాలింతల అర్రల సాన గదా."

బాలింతల గదిలో అరగదీతకు వాడే సానరాయట అది. తర్వాత అంతా చెప్పింది. పురిటి స్నానమయ్యాక మా ముత్తవ్వ, ఊరివాళ్లకు ముసలి దొరసాని, తన వేలి ఉంగరం తీసేది. గుంటలో రెండు చుక్కల తేనె వేసి ఉంగరాన్ని అరగదీసేది. ఆ తేనె బిడ్డ నాలుక మీద రాసేది. బిడ్డకు మాట, బలం వస్తాయని. మా నాన్నకు అలాగే రాసింది. నాకూ రాసింది.

"నిన్ను నేనే పట్టుకున్న. నువ్వు ఉమ్మేసినవ్. మళ్ల అరగదీసింది."

మరి పెట్టె అడుగున ఎందుకు దాచిందని అడిగాను. లస్మవ్వ అటూ ఇటూ చూసింది. తొంభై ఏళ్లకు దగ్గరపడినా, ముత్తాత పోయి తరాలు గడిచినా, గొంతు తగ్గించింది.

"నా పెద్దకొడుకు పుడితే గిదే సాన మీద గీసిచ్చింది దొరసాని. మా అవ్వ పురుడు పోసిన ఇండ్లల్ల శానమందికి ఇచ్చింది. గడిల తెలిస్తే సాన మైలైందని పారేద్దురు, ఆమెను గూడ ఏమందురో. గందుకే ఎర్రబట్టల కట్టి అడుగుకు పెట్టేది. ఎవలకు చెప్పకు లస్మీ అన్నది. చెప్పలే."

ఆమె పిక్కలు తీస్తూనే ఉంది. మా అమ్మకు తెలిసి ఉండాలి కదా, ఆమె ఎందుకు చెప్పలేదన్నాను.

"ఎవలు సూపెట్టిండ్రు మీ అమ్మకు? మొగోళ్లు అర్రల అడుగువెట్టకపోతిరి, ఆడోళ్లను కచేరికి రానియ్యకపోతిరి. ఏడేండ్లు తవ్విండు నా పెనిమిటి. రోజు అడుగుదును, ఏమన్న దొరికిందా అని. దొర కాడ బంగారం రాయున్నదట అనేటోడు. గా రాయి ఒక్కపారి నాకు సూపెడితే, గడియల చెప్పకపోదునా?"

ఇది చెప్పి ఆమె నవ్వింది. పళ్లు లేని నవ్వు, చాలాసేపు ఆగలేదు. నాకూ వచ్చింది. ముందు కర్ర పట్టుకొని నవ్వాను, తర్వాత కర్ర పక్కన పెట్టి నవ్వాను. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఎవరూ చెప్పులు చేత పట్టుకోలేదు.

లేచేటప్పుడు, అది ఏ ఉంగరమని అడిగాను. తెలిసే అడిగాను.

"పాముపడగ ఉంగరం. అరిగి అరిగి పడగ మీద గీతలు గూడ పోయినయ్."

శుక్రవారం

సులోచన నిజామాబాద్ నుంచి నేరుగా రెంజల్ మండలాఫీసుకు వచ్చింది. కంకర మిల్లు ఆయన చెట్టు కింద కాగితాలతో నిలబడ్డాడు. సులోచన నన్ను చూసి, ఏందన్నా, పొద్దున లేచినంక ఏమైంది అంది.

బంగారమే అన్నాను. అంతా చెప్పాను. రాయి తీసుకొని బొటనవేలు గుంటలో పెట్టి చూసింది. అందరిలాగే.

"నాకు పెట్టలేదన్నట్టు," అంది.

నిజమే. సులోచన పుట్టేనాటికి ముత్తవ్వ లేదు. సాన కచేరీలో, ఇనుప బీరువాలో, తాళం కింద ఉంది. బయట గుట్ట మీద గడ్డపారలు నడుస్తున్నాయి. మా అమ్మ పక్క గదిలో బాలింత.

సంతకాలు చేశాం. ముందు తను, తర్వాత నేను. గుట్టలో ఏమీ లేదని నేను మిల్లు ఆయనకు చెప్పబోతే, నాకు కావలసింది రాయే సార్ అన్నాడు ఆయన. తాత గురించి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. ఆయనది పిచ్చి కాదు. కంసాలి చెప్పింది నిజం, ఆయన కళ్లు చూసింది నిజం. గోడ అవతల ఉన్నవాళ్లను ఒక్క మాట అడగలేదు, అంతే. నేనూ ఇన్నేళ్లు అడగలేదు.

బస్సు కోసం నిలబడినప్పుడు సులోచన రాయిని ఎర్రగుడ్డలో చుట్టి తన సంచిలో వేసుకుంది. వచ్చే నెల ఆమె మనవరాలికి పురుడు. బస్సు ఎక్కాక నేను కడ్డీ పట్టుకున్నాను. ఆమె కిటికీ దగ్గర సీటులోంచి వెనక్కు తిరిగి, మరి ఉంగరం ఎక్కడుంది అన్నా అని అడిగింది.

ఉంగరాన్ని తాత అమ్మేశాడు. తవ్వకం మొదలైన రెండో ఏడు, నిజామాబాద్‌లో, గుట్ట కూలీలకు ఆ వారం కూలి ఇవ్వడానికి.